మృతుల గోప్యత – వారసుల జిజ్ఞాస: కార్న్‌వాల్ గ్రామీణ పారిష్ వంశచరిత్రలో ఒక నైతిక ప్రశ్న

వ్యాస సంగ్రహం

ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో పల్లె చర్చి రిజిస్టర్ల ఆధారంగా పూర్వీకులను వెదికేవారికి, ఆ పూర్వీకులు దాచుకోదలచిన విషయాలు కూడా ఎదురవుతాయి. వాటిని వెల్లడించే అధికారం వారసులకు ఉందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. రిజిస్టరు భద్రపరచేది ఒక వ్యక్తి జీవితాన్ని కాదనీ, ఆ వ్యక్తిని గురించి ఒక వ్యవస్థ వేసిన ప్రశ్నకు దొరికిన జవాబును మాత్రమేననీ, కనుక వాస్తవాన్నీ దానికి అంటుకున్న తీర్పునూ వేరుచేసి చెప్పడమే వారసుని బాధ్యత అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పారిష్ రిజిస్టరు, వంశచరిత్ర, కార్న్‌వాల్, గోప్యత, పూర్వీకుల ఋణం, అధికార నమోదు.

1. విషయ ప్రవేశం

ఇంగ్లండులో పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోకి వచ్చే ఊరు, దాని చుట్టూ ఉన్న పల్లెలు, పొలాలు. సామాన్యుని పుట్టుక, పెళ్లి, చావు శతాబ్దాల పాటు ఆ పరిధిలోనే నమోదయ్యాయి. కార్న్‌వాల్ విషయంలో ఈ నమోదుకు మరింత ప్రాధాన్యం ఉంది. పంతొమ్మిదో శతాబ్దిలో అక్కడి రాగి, తగరం గనులు దెబ్బతిన్నప్పుడు గని కార్మికులు ఆస్ట్రేలియాకు, అమెరికాకు, దక్షిణాఫ్రికాకు, మన దేశంలోని కోలారుకు కూడా తరలిపోయారు. వారి వారసులు మూలాలను వెదుకుతూ నేడు మళ్లీ ఆ పల్లె రిజిస్టరు దగ్గరికే చేరుతున్నారు.

ఈ అన్వేషణను సాధారణంగా పేర్లు, తేదీలు, వృత్తుల సేకరణగా భావిస్తారు. కాని దానిలో ఒక నైతిక ప్రశ్న ఇమిడి ఉంది. ఒక కుటుంబంలో ముత్తాత తండ్రి పెళ్లయిన కొత్తలోనే సముద్రంలో మునిగిపోయాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారనుకుందాం. రిజిస్టరు తెరిస్తే ముత్తాత బాప్తిస్మం నమోదులో తండ్రి పేరే లేదు. తల్లి పేరు పక్కన అవివాహిత అని ఉంది. సముద్రం కథను అల్లినది బహుశా ఆ తల్లే. ఆమె జీవితమంతా కాపాడుకున్న రహస్యాన్ని వంశవృక్షంలో రాసే అధికారం వారసునికి ఎక్కడిది? రాయకపోతే అది అసత్యం కాదా? సత్యానికి చెల్లించవలసిన ఋణానికీ, మృతురాలికి చెల్లించవలసిన మర్యాదకూ ఇక్కడ ఘర్షణ ఉన్నట్లు కనిపిస్తుంది. ఆ ఘర్షణ స్వరూపం తెలియాలంటే మొదట రిజిస్టరు స్వరూపం తెలియాలి.

2. రిజిస్టరు ఎవరి కోసం?

ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, వివాహాలు, భూస్థాపనలు ఒక పుస్తకంలో రాసి ఉంచాలని 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞాపించాడు. ఇది కొత్త పన్నుకు నాంది అని ప్రజలు అనుమానించారు. డెవన్, కార్న్‌వాల్ ప్రజల్లో ఈ భయం వ్యాపించిందని 1539లో సర్ పియర్స్ ఎడ్జ్‌కమ్ స్వయంగా క్రామ్‌వెల్‌కు లేఖ రాశాడు. తమ పేరు పుస్తకంలోకి ఎక్కడాన్ని ఆనాటి రైతు గౌరవంగా భావించలేదు. తన మీద పడిన చూపుగా భావించాడు.

1598 నాటి ఉత్తర్వు ప్రకారం పాత కాగితపు నమోదులను తోలుపత్రాలకు ఎక్కించారు. ఏటేటా ఒక నకలు బిషప్పుకు పంపడం నియమమైంది. 1876లో ట్రూరో కేంద్రంగా ప్రత్యేక డయోసిస్ ఏర్పడేవరకు కార్న్‌వాల్ అంతా ఎక్సెటర్ బిషప్పు పరిధిలోనే ఉండేది. కనుక ఒక చోట రిజిస్టరు పాడైనా మరొక చోట నకలు దొరికే అవకాశం ఉంది. 1754లో అమలులోకి వచ్చిన హార్డ్‌విక్ చట్టం వివాహ నమోదులో వధూవరుల సంతకాన్ని గాని, గుర్తును గాని తప్పనిసరి చేసింది. 1813 నుంచి అచ్చు పుస్తకాలు వచ్చాయి. బాప్తిస్మానికి తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి, జరిపించిన గురువు పేరు అన్న గడులు ఏర్పడ్డాయి. 1837 జూలై నుంచి ప్రభుత్వ నమోదు మొదలైంది.

ఈ మూడు శతాబ్దాల పరిణామంలో రిజిస్టరు అడిగిన ప్రశ్నలు కొన్నే. బాప్తిస్మం జరిగిందా? పెళ్లి చెల్లుతుందా? ఆస్తి ఎవరికి సంక్రమిస్తుంది? ఈ బిడ్డ పోషణ ఖర్చు ఎవరిది? ఈ మనిషి ఎవరు అన్న ప్రశ్న వీటిలో లేదు. వారసుడు మాత్రం సరిగ్గా ఆ ప్రశ్నతోనే వచ్చి, వేరే ప్రశ్నలకు రాసిన జవాబులను చదువుతున్నాడు.

3. చదవడంలోని బాధ్యత

ఈ తేడాను గమనించకపోతే వాస్తవం పేరుతో అపనింద వేయడం సులభం. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక జంటకు 1719 మే నెలలో వివాహమైనట్లు, వారి మొదటి బిడ్డకు 1719 ఫిబ్రవరిలో బాప్తిస్మమైనట్లు రిజిస్టరులో ఉంది. నేటి పాఠకుడు బిడ్డ పెళ్లికి ముందే పుట్టిందని నిర్ణయిస్తాడు. కాని ఇంగ్లండులో 1752కు పూర్వం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ లెక్కన 1719 ఫిబ్రవరి 1719 మే తరువాత తొమ్మిది నెలలకు వస్తుంది. పంచాంగం తెలియని వారసుడు ఒక దంపతుల మీద లేని మచ్చను మోపినవాడవుతాడు.

ఇంటిపేర్ల విషయం కూడా ఇటువంటిదే. పశ్చిమ కార్న్‌వాల్‌లో పదహారో శతాబ్దిలోనూ ఇంటిపేర్లు పూర్తిగా స్థిరపడలేదు. తండ్రి పేరో, సాగుచేసే పొలం పేరో ఇంటిపేరుగా నడిచేది. పొలం మారితే పేరూ మారేది. కొందరు రెండు పేర్లతోనూ నమోదయ్యారు. పైగా ప్రజల్లో చాలామంది కోర్నిష్ భాష మాట్లాడుతుండగా, రిజిస్టర్లు ఇంగ్లీషులోనో లాటిన్‌లోనో సాగాయి. గురువు చెవికి వినిపించినదే అక్షరమైంది. ఆ పేరు పలికినవారిలో ఎక్కువమంది దానిని చదివి సరిచూడగలిగినవారు కారు. కనుక రిజిస్టరును చదవడమంటే ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు, ఎవరు రాశారు అన్న మూడు ప్రశ్నలను ప్రతి పంక్తికీ వేయడం.

4. మృతులకు హాని ఉందా?

తప్పులేని పఠనం తరువాత కూడా మొదటి ప్రశ్న నిలిచే ఉంటుంది. నిజంగానే దాచినదాన్ని వెల్లడించవచ్చునా? చావు ఉన్నచోట మనం లేము, మనం ఉన్నచోట చావు లేదు కనుక మృతునికి ఏ బాధా లేదన్నది ఎపిక్యూరస్ వాదం. దానిని అంగీకరిస్తే ఏ రహస్యమూ కాపాడనక్కర లేదు. అరిస్టాటిల్ ఇంత సులభంగా తేల్చలేదు. వారసుల మంచిచెడ్డలు మృతులను ఎంతో కొంత తాకుతాయేమో అన్న సందేహాన్ని నైకోమాకియన్ నీతిశాస్త్రం మొదటి భాగంలో గౌరవంగానే చర్చించి, ఆ ప్రభావం స్వల్పమని చెప్పాడు. కాంట్ మరింత ముందుకు వెళ్లి, సత్కీర్తి మరణానంతరం కూడా మనిషికి చెందినదే అన్నాడు. బ్రిటన్‌లో సమాచార రక్షణ చట్టం జీవించి ఉన్నవారికే వర్తిస్తుంది. జనగణన పత్రాలు నూరేళ్లు మూసి ఉంచే పద్ధతి ప్రకారం 1921 నాటివి 2022లో బయటికి వచ్చాయి. చట్టం గీసిన ఈ గీత అవసరమే. కాని నూరు సంవత్సరాలు నిండిన రోజున నైతిక ప్రశ్న తీరిపోదు.

కాంట్ వాదంలో బలం ఉంది. అయితే కీర్తి, అపకీర్తి అన్నవి ఎవరి కొలబద్దతో నిర్ణయమయ్యాయో కూడా అడగవలసి ఉంటుంది. పై ఉదాహరణలోని తల్లి విషయంలో ఆ కొలబద్ద ఏది?

5. 'బేస్' అన్న మాట

పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డను కార్న్‌వాల్ రిజిస్టర్లు తరచు 'బేస్' అని పేర్కొన్నాయి. నీచ జన్మ అన్నది ఆ మాటలోని ధ్వని. దీనికి మతపరమైన నింద ఒక్కటే కారణం కాదు. 1601 చట్టం పేదల పోషణ భారాన్ని పారిష్ మీద ఉంచింది. పెళ్లికాని తల్లి బిడ్డ ఏ పారిష్‌లో పుడితే ఆ పారిష్‌కే చెందేది. అందువల్ల నెలలు నిండిన స్త్రీని సరిహద్దు దాటించి, ఖర్చు తప్పించుకోవడానికి పారిష్ అధికారులు ప్రయత్నించేవారు. 1733 చట్టం ప్రకారం ఆమె మేజిస్ట్రేటు ఎదుట తండ్రి పేరు చెబితే, ఆ పురుషుడు పోషణకు హామీ ఇవ్వాలి. లేకుంటే జైలుకు వెళ్లాలి. నేడు వారసులు సంతోషంతో వెదికి పట్టుకునే పత్రాలలో ఇటువంటి వాంగ్మూలాలు, హామీపత్రాలు ముఖ్యమైనవి.

ఆ పత్రంలో స్త్రీ గొంతు వినిపిస్తుంది గాని, అది విచారణలో పలికిన గొంతు. ఆమె చెప్పిన పేరు నిజం కావచ్చు. భయంతోనో ఆశతోనో చెప్పినది కూడా కావచ్చు. ఇక 'బేస్' అన్న పదం ఆమె మీదా, బిడ్డ మీదా ఒక ఖర్చుల లెక్క వేసిన ముద్ర. ఆమె దాచినది బిడ్డ పుట్టుకనా, ఆ ముద్రనా? ముద్రనే అని ఈ వ్యాసకర్త భావన. ఆ ముద్రకు నేడు విలువ లేదు. కనుక తండ్రి పేరు నమోదు కాలేదని వారసుడు రాయవచ్చు. బిడ్డను ఆమె పెంచిందని రాయవచ్చు. 'బేస్' అన్నది పారిష్ వాడిన మాట అని, ఎందుకు వాడిందో చెప్పి రాయవచ్చు. ఆ మాటను తన మాటగా మాత్రం రాయరాదు. ఆమె అల్లిన సముద్రం కథను కూడా కొట్టివేయనక్కర లేదు. అది అబద్ధమే అయినా ఆమె స్వయంగా చేసిన ఏకైక నమోదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. తీర్పును తొలగించడమంటే పూర్వీకుల తప్పులను కడిగివేయడం కాదా? ఇతరుల చేత మోపబడిన సిగ్గుకూ, ఇతరులకు చేసిన అన్యాయానికీ తేడా ఉంది. హామీ ఇచ్చి చెల్లించని తండ్రిని, నిండు గర్భిణిని సరిహద్దు దాటించిన అధికారిని దాచడం మర్యాద అనిపించుకోదు. అక్కడ సత్యం బాధితులకు చెల్లించవలసిన బాకీ. మొదటి రకం వాస్తవాన్ని దయతోనూ, రెండో రకాన్ని నిర్మొహమాటంగానూ చెప్పాలి.

6. పాల్ పారిష్‌లో ఒక పేరు

మౌంట్స్ బే తీరాన మౌజ్‌హోల్ అన్న చేపల రేవు పాల్ పారిష్‌లో ఉంది. 1595లో స్పెయిన్ సైనికులు దాడిచేసి అక్కడి చర్చిని తగలబెట్టారు. కోర్నిష్ మాట్లాడిన చివరి మనిషిగా ప్రసిద్ధికెక్కిన డాలీ పెంట్రీత్ ఆ ఊరి చేపలమ్మే స్త్రీ. 1692లో ఆమెకు బాప్తిస్మమైంది. ఆమె పెళ్లి చేసుకోలేదు. 1729లో ఒక కొడుకును కన్నది. 1768లో డెయిన్స్ బారింగ్టన్ అన్న పండితుడు కోర్నిష్ మాట్లాడేవారి కోసం వెదుకుతూ వచ్చి ఆమెను కలిశాడు. 1777 డిసెంబరులో ఆమె మరణించింది. ఆ సమయంలో పాల్ రిజిస్టరులో ఉన్న డాలీ జెఫ్రీ అన్న భూస్థాపన నమోదు ఆమెదేనని భావిస్తారు. జెఫ్రీ అన్నది ఆమె కొడుకు తండ్రి ఇంటిపేరు కావచ్చునన్న అభిప్రాయం ఉంది. 1860లో నెపోలియన్ సోదరుని కుమారుడైన లూయీ లూసియెన్ బోనపార్ట్, పాల్ చర్చి గురువుతో కలిసి, చర్చి ప్రహరీలో ఆమెకు స్మారక శిల నిలిపాడు. శిల మీద పెంట్రీత్ అనే ఉంది.

బారింగ్టన్‌కు కావలసినది ఒక భాష. గురువుకు కావలసినది భూస్థాపన నమోదు. చివరి మనిషి అన్న కీర్తి కూడా పూర్తిగా నిలవదు. అదే ఊరి జాలరి విలియం బోడినార్ 1776లో కోర్నిష్‌లో లేఖ రాశాడు. 1789 వరకు జీవించాడు. డాలీ తనను తాను ఏ పేరుతో పిలుచుకున్నదో, కొడుకు తండ్రిని గురించి ఏమి చెప్పుకున్నదో ఏ పత్రమూ అడగలేదు. రెండు పేర్లనూ పక్కపక్కన ఉంచి, ఏది ఎవరు రాశారో చెప్పడమే ఇక్కడ నిజాయితీ. ఒకటి ఎంచుకుని కథను పూర్తిచేయడం ఆమె తరఫున జవాబు చెప్పడమే అవుతుంది.

7. కోలారు: నమోదు కానివారు

కార్న్‌వాల్ వంశచరిత్ర కొన్నిసార్లు తెలుగు నేల పొలిమేరకు చేరుతుంది. 1880లలో జాన్ టేలర్ అండ్ సన్స్ నిర్వహణలో కోలారు బంగారు గనులు వృద్ధిచెందినప్పుడు కార్న్‌వాల్ గని నిపుణులు అక్కడికి వచ్చారు. మన దేశంలోని చర్చిలలో జరిగిన ఆంగ్లేయుల బాప్తిస్మాలు, వివాహాలు, భూస్థాపనల నకళ్లు లండనుకు వెళ్లేవి. అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అందువల్ల కార్న్‌వాల్ పల్లెలో కూర్చున్న వారసునికి కోలారులో మరణించిన పూర్వీకుని జాడ దొరకగలదు.

అదే గనిలో, అతని పక్కనే పనిచేసిన తమిళ, తెలుగు కార్మికుల మునిమనుమలకు అటువంటి రిజిస్టరు లేదు. వారిలో చాలామంది దళితులు. వారి పేర్లు నమోదైనవి ఎక్కువగా హాజరు పట్టీలలోనే. 1930లో యాజమాన్యం వేలిముద్రలు తీసుకుని కార్మికులను నమోదు చేయబోతే వారు సమ్మె చేశారు. 1539లో కార్న్‌వాల్ రైతుకు కలిగిన భయానికీ, నాలుగు వందల ఏళ్ల తరువాత కోలారు కార్మికుడు చేసిన నిరాకరణకూ బంధుత్వం ఉంది. నమోదు కావడమంటే పట్టుబడడం అని ఇద్దరికీ తెలుసు. అయినా నమోదు కాకపోవడంలో నష్టం లేదని అనలేము. వారసునికి అది తీరని లోటు. కనుక దొరికిన పత్రాన్ని చూసి మురిసే వంశచరిత్రకారుడు, ఆ పత్రం తన పూర్వీకునికి ఎందుకు దక్కింది, పక్కవానికి ఎందుకు దక్కలేదు అని కూడా రాయాలి.

8. ఉపసంహారం

పూర్వీకుల పట్ల ఋణం అన్న భావన మనకు కొత్తది కాదు. తర్పణంలో పేరు చెప్పి నీరు విడుస్తాము; ఆ మనిషి ఎటువంటివాడని అక్కడ విచారణ జరగదు. పారిష్ రిజిస్టరు విచారించి పేరు రాస్తుంది. వంశచరిత్రకారుడు ఈ రెండింటి మధ్య నిలబడినవాడు. విచారణ వల్ల లభించిన వాస్తవాన్ని వదులుకోకుండానే, విచారణకర్త స్థానంలో తాను కూర్చోకుండా ఉండగలగాలి.

ప్రారంభంలో కనిపించిన ఘర్షణ ఈ వెలుగులో చాలావరకు సడలుతుంది. మృతురాలి మర్యాదకు భంగం కలిగించేది వాస్తవం కాదు, వాస్తవంతో పాటు తెలియకుండానే వారసత్వంగా అందే పాత తీర్పు. కాని కొంత శేషం మిగులుతుంది. తన కథ ఎవరికీ తెలియరాదని ఆమె నిజంగానే కోరుకుని ఉండవచ్చు. ఆ కోరికను మనం ఎంత దయతో రాసినా అతిక్రమించినట్లే. ఆ అతిక్రమణకు చెల్లించగల మూల్యం ఒక్కటే. ఆమెను గురించి మనకు తెలిసినది ఎంత తక్కువో, తెలిసినది ఎవరి చేతి రాతో, రాసిన ప్రతిసారీ ఆమె పేరు పక్కనే చెప్పడం.