అజగరం అడగని ప్రశ్న

కొండచిలువని పెంచుకునేవాళ్లు తరచుగా చెప్పే మాట ఒకటుంది: దానంత సులువైన జంతువు లేదని. మొరగదు, తలుపు గీకదు, మనం ఊరెళ్తే బెంగపెట్టుకోదు. పెద్దదయ్యాక కొన్ని వారాలకోసారి కుందేలునో, పెద్ద ఎలుకనో వేస్తే చాలు. మిగతా రోజులన్నీ చుట్ట చుట్టుకుని వెచ్చగా పడుంటుంది. ఇక్కడ అమెరికాలో నా మిత్రుడొకాయన ఏళ్లుగా ఒక బర్మీస్ కొండచిలువని పెంచుతున్నాడు. "సుఖంగా లేకపోతే అట్లా తింటుందా?" అంటాడు.

ఇది ఆయనొక్కడికే తోచిన ఊహ కాదు. భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడికి ఒక ముని కనిపిస్తాడు. ఏ ప్రయత్నమూ లేకుండా నేలమీద పడి ఉంటాడు. దొరికితే తింటాడు, లేకపోతే లేదు. కొండచిలువ తనకి గురువంటాడు. కదలకపోవడాన్ని తృప్తిగా చదువుకోవడం మనకి పాత అలవాటే. కాకపోతే ముని ఆ బతుకుని తానే ఎంచుకున్నాడు. లేచి వెళ్లాలనుకుంటే ఆయనకి అడ్డంగా అద్దం లేదు.

మిత్రుడి వాదనలో బలం లేదనను. సెయింట్ లూయిస్ జూకి 1961లో ఒకరు ఇచ్చిన బాల్ పైథాన్, 60 దాటిన వయసులో, 2020లో గుడ్లు పెట్టింది. ఆకలీ చలీ శత్రువూ లేని అంత ఆయుష్షు చిన్న విషయం కాదు. కానీ దానికి బాల్ పైథాన్ అన్న పేరెందుకొచ్చింది? భయమేస్తే తలని లోపల దాచుకుని బంతిలా ముడుచుకుంటుంది గనక. చేతిలో పట్టుకున్నవాడికేమో అది సాధుగుణంలా కనిపిస్తుంది.

ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మీస్ కొండచిలువలు స్థిరపడిపోయాయి. పెంపుడు జంతువుల వ్యాపారం తెచ్చినవే, జనం వదిలేసినవీ తప్పించుకున్నవీ. శాస్త్రవేత్తలు ఆరింటికి రేడియో పరికరాలు అమర్చి, పట్టుకున్న చోటికి 20 కిలోమీటర్లకి పైగా దూరంలో వదిలారు. నెలల తరబడి ప్రయాణం చేసి, ఐదు పాములు పాత చోటికి 5 కిలోమీటర్ల లోపలికి తిరిగొచ్చాయి. ఎక్కడ పడేస్తే అక్కడ పడుంటుందనుకున్న ప్రాణికి తనదంటూ ఒక చోటుందన్నమాట!

కదలకుండా కాచుకోవడం దాని స్వభావంలో సగం. ఎక్కడ కాచుకోవాలో, ఎప్పుడు లేచి మరో చోటికి పోవాలో తేల్చుకోవడం మిగతా సగం. పెట్టెలో మొదటి సగమే మిగులుతుంది. మనం దానికి శాంతమని పేరు పెడతాం. తినడం బతికున్నందుకు సాక్ష్యం, సుఖంగా ఉన్నందుకు కాదు. జైల్లోనూ తింటారు.

అట్లాగని ఇంట్లో ఉన్నవాటిని వదిలేయమనడం లేదు. ఎవర్‌గ్లేడ్స్‌లో రకూన్లు కనబడటం 99 శాతం తగ్గిందని 2012లో ఒక అధ్యయనం చెప్పింది. వదిలేస్తే ఆ పాపం మరికొన్ని ప్రాణాలమీద పడుతుంది. తెచ్చుకున్నవాళ్లు దాన్ని చివరిదాకా చూసుకోవాలి, ఒళ్లంతా చాపుకునేంత చోటైనా ఇచ్చి.

కొత్తగా కొనడం వేరే సంగతి. మా అబ్బాయి తనకీ ఒకటి కావాలంటున్నాడు. కుక్కకి మనం అన్యాయం చేస్తే ఏడ్చో అలిగో అదే చెప్తుంది. ఫిర్యాదు చేయడం రాని ప్రాణిని తెచ్చుకుంటే దాని తరఫున ఫిర్యాదు కూడా మనమే రాసుకోవాలి, తీర్పూ మనమే చెప్పుకోవాలి. అట్లాంటి కోర్టులో నాకు వ్యతిరేకంగా నేను నిజాయితీగా తీర్పు చెప్పుకోగలనన్న నమ్మకం లేదు. అందుకే వద్దన్నాను.