పూర్తికాని మందిరము

ధ్యానభాగము: 1 దినవృత్తాంతములు 22:1–16, 1 కొరింథీయులకు 3:6–11



గత సంవత్సరము స్పెయిను దేశమునకు వెళ్లినప్పుడు, బార్సిలోనా పట్టణమందలి సగ్రాదా ఫమీలియా అను దేవాలయమును చూచితిమి. ఆ పేరునకు పరిశుద్ధ కుటుంబమని అర్థము. అది రోమను కథోలికుల గుడి; మన ఆరాధనక్రమము వేరు. అయినను ఆ రాళ్లయొద్ద ప్రభువు మాకొక పాఠము నేర్పెను.

ఆ గుడికి 1882లో పునాదిరాయి వేసిరి. మరుసటి ఏట ఆంటోనీ గౌడీ అను శిల్పి ఆ పనికి పూనుకొనెను. అప్పుడతని వయస్సు 31. తాను బ్రదికియుండగా అది పూర్తికాదని యెరిగియే 18 గోపురముల మందిరమును తలపోసెను. అంతటివాడు చందాలకై తానే చేయి చాచెను. కడపటి దినములలో పనిస్థలమందే కాపురముండెను. 1926 జూన్ 7న ట్రాము బండి తగిలి పడిపోగా, పాత బట్టలు చూచి జనులు బిచ్చగాడనుకొనిరి. మూడు దినములకు మరణించెను. ఆ గుడి నేలమాళిగలోనే ఆయన సమాధి యున్నది.

నలువది మూడేండ్లు పాటుపడినను, పూర్తియైనట్లు ఆయన చూచిన గంటగోపురము ఒక్కటే. దాని పేరు బర్నబా. బర్నబా ఎవరు? తన పొలము అమ్మి, ఆ రూకలు తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టినవాడు.

1936లో అంతర్యుద్ధకాలమున అల్లరిమూకలు నేలమాళిగకు నిప్పుపెట్టి, గౌడీ చేసిన నమూనాలను పగులగొట్టిరి. తరువాతివారు ఆ ముక్కలను ఏరి, అతికించి, ఆయన తలంపు గ్రహించి పని సాగించిరి. 2010లో ఆ మందిరము ప్రతిష్ఠింపబడెను. మేము వెళ్లిన నాడును పైన క్రేనులు తిరుగుచునే యుండెను.

అక్కడ నిలిచి మేము సిగ్గుపడితిమి. మా సంఘపు గుడి గోడలు కిటికీలయెత్తున ఆగి తొమ్మిదేండ్లాయెను. పునాదిరాతిమీద ఎవరి పేరుండవలెనను తగవే దానికి మూలము. ఆ తగవులో మేమును ఒక పక్షము వహించితిమి. ఒక వృద్ధురాలు మాత్రము ప్రతి ఆదివారము పిడికెడు బియ్యము తెచ్చుట మానలేదు. "అమ్మా, కప్పు పడుట నీవు చూతువా?" అని మేమడిగితిమి. "నేను చూడకపోతే నా మనుమరాలు చూడదా, అయ్యగారూ?" అనెను. నిరుడు కోతలకు ముందే ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆమె పేరు ఏ రాతిమీదను లేదు.

దావీదు రాళ్లు, ఇనుము, దేవదారు మ్రానులు సిద్ధపరచెను, కట్టినవాడు సొలొమోను. తన చేత కాదనిన పనికే దావీదు సమస్తము కూర్చెను. పౌలు నాటెను, అపొల్లో నీళ్లు పోసెను. వృద్ధి కలుగజేసినవాడు దేవుడే. ఆ పునాది క్రీస్తే గనుక, మన పేరు దానిమీద చెక్కుటకు చోటెక్కడ?

ప్రియులారా, మీ సంఘములో ఆగిపోయిన పని యేది? గోడయా, ఆదివారపు బడియా, ఇరువురు సహోదరుల నడుమ సమాధానమా? దానిని ఆపినది పేదరికమా, మన పంతమా? విరిగిన ముక్కలు ఇంకను మనయొద్దనే యున్నవి, వాటిని ఏరుదము. ఈ నెలలో ఒక వరుస యిటుక పెట్టుదము. మిగిలినది మన పిల్లలు కట్టుదురు.

ప్రార్థన: ప్రభువా, ముగింపు చూడకున్నను నమ్మకముగా కట్టు చేతులను మాకు దయచేయుము. ఆమేన్.