చీకటి గదిలో కుండ

మా అక్క నలభై ఏళ్లుగా ఆత్రేయపురంలో పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ, కింద మంట. బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండమీద ఒక్క లాగు లాగుతుంది. రెప్పపాటులో పొర ఆరి లేస్తుంది. దాన్ని వేళ్లతోనే తీయాలి. ఆ రేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని తీసి తీసి అక్క వేలి కొసలు మాత్రం నున్నబడిపోయాయి.

ఓసారి రేషన్ బియ్యానికి వెళ్లి మిషన్‌మీద మూడుసార్లు వేలు పెట్టింది. ముద్ర కలవలేదు. “మామ్మగారండీ, ఇది మీరు కాదంటందండి” అన్నాడు అక్కడి కుర్రాడు. అక్క ఇంటికొచ్చి అరచేతులు చూసుకుంటూ “నేను కాకపోతే మరెవర్రా?” అంది. సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు.

వేదాంత పరిభాషలో అనుపలబ్ధి అనే ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, ఉంది. నేలమీద కుండ కనబడకపోతే అక్కడ కుండ లేదని తెలుసుకుంటాం. దానికో షరతు ఉంది: ఉంటే కనబడి తీరే పరిస్థితి ఉండాలి. చీకటి గదిలో కనబడలేదని కుండ లేదనకూడదు. యోగ్యానుపలబ్ధి అంటే ఇదే.

మిషన్ మనిషిని ఎరిగి చెప్పదు. ఆధార్ నమోదునాటి ముద్రకూ ఇప్పటి ముద్రకూ పోలిక ఎంతో లెక్కగడుతుంది, పెట్టిన హద్దు దాటితే ఒప్పుకుంటుంది. అరిగిన వేలు దానికి చీకటి గది. ఆధార్‌లో పది వేళ్లతోపాటు రెండు కనుపాపలు, ముఖం తీసుకున్నది ఒకటి తప్పినా మరొకటి పలకాలని కూడా కదా! 2023 ఫిబ్రవరిలో వేలిగీతల బిందువులనూ ముద్ర బొమ్మనూ కలిపి చూసి, అది ప్రాణమున్న వేలేనా అని తేల్చే మెషీన్ లెర్నింగ్ పద్ధతి తెచ్చారు. దొంగ ముద్రలను ఆపడానికి అది అవసరమే. కానీ కలపడంలోనే ధర్మం ఉంది. అన్నీ కుదిరితేనే ఒప్పుకుంటానంటే పేదవాడి తలుపుకు రెండో తాళం వేసినట్టు. ఏ ఒక్కటి గట్టిగా కుదిరినా చాలంటే రెండో తలుపు తెరిచినట్టు.

తర్వాతి నెల కనుపాప చూసే పరికరం పెడితే అక్కకు బియ్యం అందాయి. అదే అక్క, అదే కార్డు.

అందుకే మిషన్ దగ్గర కూర్చునే బిడ్డలకు నా మనవి. ముద్ర పడనప్పుడు “మీరు కాదు” అనకండి. “మిషన్‌కు అందలేదు” అనండి. ఎదుట నిలబడ్డ మనిషిని కళ్లారా చూసి, ఇంకో దారి వెతకండి.