ఇది నాది కాదు

హోమంలో నెయ్యి వేసిన ప్రతిసారీ యజమాని చేత "ఇది నాది కాదు" అనిపిస్తాను. పురోహితుడిగా నా పనిలో సగం అదే. చెత్తకుండీ దగ్గర మనిషి చేసేదీ అదేగా! నాది కాదనుకునే పారేస్తాడు. మరి త్యాగానికీ పారబోతకీ తేడా ఎక్కడుంది?

ఈ ఆలోచనలో నన్ను పడేసింది మారిషస్. మా తాళ్ళరేవు పక్కనున్న కోరంగి రేవులో, 19వ శతాబ్దంలో, చెరకుతోటల కూలికని ఓడెక్కినవాళ్ళ వారసులు అక్కడ ఇప్పటికీ ఉగాది చేసుకుంటారు. 2020 జులై 25న వకాషియో అనే సరుకు ఓడ ఆ దీవి ఆగ్నేయ తీరాన పగడపు దిబ్బ మీదికెక్కింది. ఆగస్టులో దాని ఇంధనం సుమారు 1000 టన్నులు సముద్రం పాలైంది. దూరంగా ఉండమని ప్రభుత్వం చెప్పినా జనం వినలేదు. చెరకు కొట్టాక చేలో మిగిలే ఆకును గుడ్డ సంచుల్లో కూరి, తేలే గట్లు కుట్టారు. కొందరు జుట్టు కత్తిరించి ఇచ్చారు. వెంట్రుక మీద సన్నటి పొలుసులుంటాయి. చమురు వాటిని అంటుకుంటుంది, నీరు చాలావరకు జారిపోతుంది. తలంటు పోసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కుంకుడురసం పడితే గానీ జిడ్డు వదలదు. చెరకాకు అంత నిక్కచ్చి కాదు, నీళ్ళూ తాగి బరువెక్కుతుంది.

శాస్త్రం ప్రకారం తల నుంచి వేరైన వెంట్రుక మైల. విస్తట్లో కనబడితే లేచిపోతాం. క్షవరమయ్యాక స్నానం చేయందే ఇంట్లో ఏదీ ముట్టుకోం. అదే వెంట్రుక తిరుమల కల్యాణకట్టలో మొక్కు. కత్తి అదే, తల అదే. కాకపోతే మొక్కులో స్వామి ముందే ఉన్నాడు. హోమంలోనూ అగ్నికో ఇంద్రుడికో అని, పుచ్చుకునేవాడి పేరు చెప్పాకే నాది కాదంటాం. పారేసేవాడికి ఆ పేరుతో పనిలేదు.

కెమికల్ ఇంజనీరైన మా అబ్బాయి ఒప్పుకోడు. "సముద్రానికి మీ సంకల్పంతో పనేంటి నాన్నగారూ? సెలూన్లో ఊడ్చిన జుట్టయినా అంతే చమురు పడుతుంది."

నిజమే, పడుతుంది. పట్టాక? జిడ్డోడే ఆ గట్లను ఎవరి గుమ్మంలో దింపుతారు? రేవు పక్కన గుట్ట పోస్తే మొదటి వానకే మళ్ళీ సముద్రంలోకి. ఎక్కడికో చెప్పకుండా వదిలింది, ఎంత పుణ్యకార్యం చేసొచ్చినా, నా లెక్కలో చెత్తే.

వాడు కాసేపు తల గోక్కుని, సిమెంటు బట్టీల్లో కాల్చొచ్చన్నాడు.

"మరి బూడిద?"

"అదీ సిమెంటులోనే కలిసిపోతుంది."

"ఆఁ, అలా చెప్పు," అన్నాను.