చప్పట్లే ప్రతిఫలమా?



 

అమెరికాలో 1981 ఆగస్టు 1న ఎం.టి.వి. అనే పాటల చానల్ ప్రారంభమయింది. ఆ చానల్ వారు 1984 సెప్టెంబరు 14న న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో పాటల వీడియోలకు తొలిసారి అవార్డులు పంచారు. అప్పటినుంచి ఆ ఉత్సవాన్ని టీవీల్లో లోకమంతా చూస్తూ వస్తోంది. విజేతకు ఇచ్చే ప్రతిమ చంద్రునిపై జెండా పక్కన నిలబడ్డ వ్యోమగామిది. విజేతల్లో పలువురిని నిర్ణయించేది ప్రేక్షకుల ఓట్లే.

మనకూ ఇది కొత్త కాదు. నంది అవార్డులు 1964 నుంచి చూశాం. 2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నప్పుడు తెలుగునాడంతా టీవీల ముందు కూర్చుంది. రామోజీ ఫిల్మ్ సిటీ మన రంగారెడ్డి జిల్లాలోనే ఉంది. కనుక ఇబ్రహీంపట్నం కుర్రవాడికి వేదిక, వెలుగు, చప్పట్లు ఎక్కడో దూరాన ఉన్నవి కావు. పైగా ఇప్పుడు ప్రతి జేబులోనూ ఒక వేదిక ఉంది. రీలు పెట్టడం, ఎంతమంది మెచ్చారో గంటగంటకూ లెక్కచూసుకోవడం దినచర్య అయిపోయింది.

వాయిద్య సంగీతాన్ని ధర్మపండితుల్లో అత్యధికులు సమ్మతించలేదు. అశ్లీల దృశ్యాల విషయంలోనైతే భిన్నాభిప్రాయమే లేదు. ఈ సంగతులు మీకు తెలిసినవే. నేను అడగదలచింది మరో ప్రశ్న. మనం చేసే పనికి తీర్పరి ఎవరు? కూలి ఎవరి చేతుల మీదుగా అందుకోవాలని ఆశిస్తున్నాం?

ముగ్గురు మనుషులు

హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. దాని సారాంశం వినండి. ప్రళయదినాన అందరికంటే ముందుగా ముగ్గురిని విచారణకు తీసుకువస్తారు. ఒకడు యుద్ధంలో ప్రాణం ఇచ్చినవాడు. రెండోవాడు జ్ఞానం నేర్చి, నేర్పి, ఖుర్ఆన్ పఠించినవాడు. మూడోవాడు ధారాళంగా దానాలు చేసినవాడు. ముగ్గురూ ఇదంతా నీ కోసమే చేశామంటారు. అల్లాహ్ వారి మాటను కొట్టివేస్తాడు. వీరుడని, పండితుడని, దాత అని జనం చేత అనిపించుకోవడానికే చేశారని, జనం అలా అననే అన్నారని చెబుతాడు. ముగ్గురినీ నరకంలోకి ఈడ్చివేస్తారు.

సోదరులారా, గమనించండి! వీరిలో పాటగాడు లేడు, నటుడు లేడు. ముగ్గురూ చేసినవి సత్కార్యాలే. అయినా వారి కూలి ఇహలోకంలోనే చెల్లిపోయింది. చప్పట్లు ఆగిన క్షణంలోనే ఖాతా మూతపడింది. ధర్మపరిభాషలో ఈ వ్యాధి పేరు 'రియా', అంటే ప్రదర్శనాబుద్ధి.

జనం మెప్పు కోసం చేసే దానాన్ని దివ్యఖుర్ఆన్ (బఖరా, 264) మట్టి పొర కప్పుకున్న నున్నటి బండతో పోల్చింది. జోరువాన కురియగానే మట్టి కొట్టుకుపోతుంది, బండ మిగులుతుంది. మన ప్రాంతపు గుట్టలు చూసిన రైతుకు ఈ ఉపమానం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అలాంటి చోట విత్తనం చల్లి పంట ఎవరు ఆశిస్తారు?

మన ఇళ్ళలో, మన మస్జిదుల్లో

ఆ ఉత్సవాన్ని విమర్శించడం తేలిక. మన సంగతి చూసుకుందాం. రంజాన్‌లో రేషన్ కిట్లు పంచుతూ తీసుకునేవారి ముఖం ఫోటోలో పడేలా నిలబెడుతున్నాం. ఆ పేద తల్లి పది కిలోల బియ్యానికి తన మర్యాదను మూల్యంగా చెల్లిస్తోంది. ఉమ్రాకు వెళ్ళి కాబా వైపు వీపు తిప్పి సెల్ఫీ దిగుతున్నాం. చందా ఇచ్చి శిలాఫలకంపై పేరు ఏ వరుసలో ఉందోనని వాదులాడుతున్నాం. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి కూడా తెలియనంత గోప్యంగా దానం చేసేవానికి ప్రళయదినాన అల్లాహ్ నీడ లభిస్తుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ నీడ మనకు అక్కర్లేదా?

మెప్పుదాహం అసూయకు కూడా దారితీస్తుంది. 2009లో అదే ఎం.టి.వి. వేదికపై టేలర్ స్విఫ్ట్ అనే యువగాయని అవార్డు అందుకుంటుండగా కాన్యే వెస్ట్ అనే గాయకుడు ఆమె చేతిలోని మైకు లాక్కుని, ఆ అవార్డుకు మరొకరు తగినవారన్నట్లు మాట్లాడాడు. సాటివారి సంతోషం ఓర్వలేని స్థితి మన అన్నదమ్ముల మధ్య, తోటికోడళ్ళ మధ్య లేదా? గుండెపై చేయి వేసుకుని చెప్పుకుందాం.

మెప్పు రావడమే పాపమా?

కాదు. హజ్రత్ అబూమూసా అష్అరీ (రజి) ఖుర్ఆన్ పఠనం విని దైవప్రవక్త (స) ఆయన గొంతును మెచ్చుకున్నారు. మంచిపని చేసినవానిని జనం వారంతట వారే పొగిడితే అది విశ్వాసికి ముందుగా అందిన శుభవార్త అని కూడా సెలవిచ్చారు. అడగకుండా వచ్చిన మెప్పు వేరు, దాని కోసమే పని చేయడం వేరు. అలాగని జనం ఏమనుకుంటారోనన్న భయంతో సత్కార్యం మానివేయడం కూడా సరికాదు.

మన చెరువు చెప్పే పాఠం

గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మన ఊరికి నిలిచింది. తెలుగు కవులు ఆయనను 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. మన పెద్దచెరువు ఆ కాలం నాటిదేనంటారు. సుల్తాను పేరు మిగిలింది. కట్టకు తట్టలతో మట్టి మోసినవారి పేర్లు ఎవరికీ తెలియవు. అయినా ఆ నీటితో పొలాలు తడిశాయి, పశువులు దాహం తీర్చుకున్నాయి. అల్లాహ్ దగ్గర మాత్రం ఒక్క తట్ట కూడా లెక్క తప్పదు. అటు చూస్తే, 2025 డిసెంబరు 31న బ్రిటన్‌లో ఎం.టి.వి. వారి పాటల చానళ్ళు కొన్ని మూతపడ్డాయి. అరవై ఏళ్ళయినా నిండని కీర్తి అది!

ఆచరణలో పెడదాం

ఈ వారం నుంచే కొన్ని పనులు మొదలుపెడదాం. భార్యాబిడ్డలకు కూడా తెలియని ఒక్క సత్కార్యాన్ని అలవాటు చేసుకుందాం. దానం పుచ్చుకునేవారి ఫోటో తీయడం మానేద్దాం. పని మొదట్లోనూ, మధ్యలోనూ, చివరలోనూ సంకల్పాన్ని తరచి చూసుకుందాం. పిల్లవాడు మంచిపని చేస్తే భుజం తట్టి, నాయనా! నేను చూడకపోయినా అల్లాహ్ చూశాడు అని చెబుదాం.

ఓ అల్లాహ్! మా కర్మల్లో చిత్తశుద్ధిని ప్రసాదించు. మా దాచిన సత్కార్యాలను స్వీకరించు. జనం చప్పట్లు కాక నీ ప్రసన్నతే మాకు ప్రతిఫలమయ్యేలా అనుగ్రహించు. ఆమీన్.