బిగువు ఎక్కడ కొలవాలి?

మంచి కోసమే అనుకుని ఇంకో మనిషిని ఎంతవరకు బిగించవచ్చు? పిల్లల్ని పెంచేవాళ్లకి, పాఠం చెప్పేవాళ్లకి, ఉద్యోగం ఇచ్చేవాళ్లకి, ప్రేమించేవాళ్లకి ఏదో ఒకరోజు ఎదురయ్యే ప్రశ్నే ఇది. మన దగ్గర రెండు సిద్ధమైన జవాబులున్నాయి. మొక్కై వంగనిది మానై వంగునా అనేది ఒకటి. తెగేదాకా లాగొద్దు అనేది ఇంకొకటి. రెండూ నిజాలే, ఏ రోజు ఏది కావాలంటే అది వాడుకుంటాం. ఆ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలో చెప్పే మాట కోసం వెతుకుతుంటే, అది నాకు పడవల మెకానిక్కులు చేసే ఒక పనిలో కనిపించింది.

స్టెర్న్‌డ్రైవ్ అనేది మనవైపు పెద్దగా తెలిసింది కాదు. అమెరికాలో, స్వీడన్‌లో సరస్సుల మీద సరదాగా తిరిగే మోటారు పడవలకి ఉంటుంది. వోల్వో పెంటా కంపెనీ 1959లో ఆక్వామాటిక్ పేరుతో తెచ్చాక బాగా వ్యాపించింది. ఇంజను పడవ లోపల, వెనక గోడకి దగ్గరగా ఉంటుంది. ప్రొపెల్లర్ బయట నీళ్లలో ఉంటుంది. ఇంజను శక్తి గోడ దాటి బయటికొచ్చి, గేర్ల దగ్గర 90 డిగ్రీలు కిందికి మళ్లి, ఇంకో 90 డిగ్రీలు వెనక్కి మళ్లి ప్రొపెల్లర్‌ని చేరుతుంది. ఆ మలుపుల్లో గేర్లు ఒకదాన్నొకటి తిప్పుకోవడమే కాదు, పక్కకి నెట్టుకుంటాయి కూడా. వాటిని ఉన్నచోట నిలబెట్టే పని బేరింగులది. ఇలాంటి చోట్ల ఎక్కువగా వాడేవి టేపర్డ్ రోలర్ బేరింగులు. ఒక చివర సన్నగా, ఇంకో చివర లావుగా ఉండే ఉక్కు రోలర్లు ఏటవాలు రింగులో తిరుగుతాయి. హెన్రీ టిమ్కెన్ అనే గుర్రపుబళ్ల తయారీదారు 1898లో పేటెంటు తీసుకున్న రకం ఇది. పై నుంచి పడే బరువుతో పాటు పక్కనుంచి వచ్చే తోపుని కూడా ఇవి ఓర్చుకుంటాయి.

పాత డ్రైవ్ విప్పి, కొత్త బేరింగులు వేసి మళ్లీ కట్టేటప్పుడు మెకానిక్ తేల్చుకోవాల్సింది బిగువు సంగతి. కాస్త వదులుగా వదిలేస్తే షాఫ్టు హాయిగా తిరుగుతుంది. కానీ నీళ్లలో అసలు బరువు పడగానే అది పక్కకి జరుగుతుంది. గేరు పళ్లు నిండుగా కాకుండా అంచుల మీద ఆనుకుంటాయి, కొన్నాళ్లకి విరుగుతాయి. అందుకే ఖాళీ అంతా తీసేసి, బరువు రాకముందే కొంచెం ఒత్తిడి పెట్టి ఉంచుతారు. దాన్నే ప్రీలోడ్ అంటారు. రాబోయే భారం కోసం ముందే మోయించే చిన్న భారం అన్నమాట. ఇంతవరకూ వింటే క్రమశిక్షణ వాదులకి సంతోషంగానే ఉంటుంది.

మోతాదు దాటితే ఏమవుతుందో కూడా వినాలి. రోలర్లకీ రింగుకీ మధ్య నూనె పొర నిలవదు. వేడి పుడుతుంది. కొన్ని అమరికల్లో ఆ వేడికి లోహం వ్యాకోచించి బిగువు ఇంకా పెరుగుతుంది. ఉక్కు పెచ్చులూడుతుంది. ఇక్కడ ఇంజనీర్లకి తెలిసిన విషయం ఒకటుంది. బేరింగు ఆయుష్షు కొద్దిపాటి ప్రీలోడ్ దగ్గర అన్నిటికంటే ఎక్కువ. అక్కడినుంచి వదులు వైపు వెళ్తే ఆయుష్షు మెల్లగా తగ్గుతుంది. బిగువు వైపు వెళ్తే అమాంతం పడిపోతుంది. రెండు తప్పులూ సమానం కాదు. మధ్యేమార్గం అంటే సరిగ్గా సగం దగ్గర ఆగడం అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

మరి సరైన చోటు ఎలా తెలుస్తుంది? నన్ను ఆపేసిన సంగతి ఇదే. నట్టు ఎంత గట్టిగా బిగించామన్నది ప్రీలోడ్‌కి కొలత కాదు. బేరింగుకి నూనె రాసి, రోలర్లు సర్దుకునేలా షాఫ్టుని కొన్ని చుట్లు తిప్పి, అప్పుడు టార్క్ రెంచితో నెమ్మదిగా తిప్పుతూ ఎంత బలం పడుతోందో చూస్తారు. కదలడానికి పట్టే మొదటి కుదుపుని లెక్కలోకి తీసుకోరు, తిరుగుతున్నప్పటి అంకెనే తీసుకుంటారు. పెద్ద నట్లని బిగించేది అడుగు-పౌండ్లలో. షాఫ్టు తిరుగుడుని చదివేది అంగుళం-పౌండ్లలో, అంటే పన్నెండో వంతు కొలతలో. బిగించడానికి భుజబలం కావాలి, తెలుసుకోవడానికి వేళ్ల చివరలు చాలు. బిగువుని కొలిచేది బిగించిన చేతి దగ్గర కాదు, బిగించబడ్డదాని కదలిక దగ్గర.

ఇంకో నియమం కూడా ఉంది. కొత్త బేరింగుకి చెప్పిన అంకె పాతదానికి పనికిరాదు. కొత్తది అరిగి సర్దుకునే క్రమంలో కొంత బిగువు కోల్పోతుంది కాబట్టి దానికి ఎక్కువ పెడతారు. ఇప్పటికే తిరిగి నలిగినదాన్ని మళ్లీ వాడితే తక్కువ పెడతారు. అరిస్టాటిల్ నైతిక గ్రంథంలో మైలో అనే మల్లయోధుడి ఉదాహరణ ఉంది. పది పాళ్ల తిండి ఎక్కువ, రెండు పాళ్లు తక్కువ అయినంత మాత్రాన అందరికీ ఆరు పాళ్లు సరి అనలేం, అది మైలోకి చాలదు, కొత్తగా సాధన మొదలుపెట్టినవాడికి ఎక్కువ అంటాడాయన. సగటు కట్టడం సులువు. ఎదుటున్నది ఎవరో చూడటమే కష్టం.

ఇప్పుడు మన ఇళ్లలోకి, హాస్టళ్లలోకి రండి. పొద్దున ఎన్నింటికి లేపాం, ఎన్ని గంటలు స్టడీ అవర్లలో కూర్చోబెట్టాం, ఫోను ఎన్ని నెలలు లాక్కున్నాం, ఎంత ఫీజు కట్టాం. ఇవన్నీ నట్టు మీది అంకెలు. "నీకోసం ఎంత చేశామో తెలుసా" అన్న వాక్యం మొత్తం నట్టు మీది అంకె. ఆ పిల్ల ఇంకా తేలిగ్గా నవ్వుతోందా, తనంతట తాను ఒక పుస్తకం తెరుస్తోందా, తప్పు చేస్తే ఇంటికొచ్చి చెప్పగలుగుతోందా అన్నవి షాఫ్టు మీది అంకెలు. వాటిని చదివేవాళ్లు తక్కువ. మొదటిరోజు ఏడుపుని చూసి బెంగపడిపోవడం, మొదటిరోజు బుద్ధిగా ఉండటాన్ని చూసి నిశ్చింతపడటం, రెండూ మొదటి కుదుపుని చదవడమే.

ఈ పోలికకి హద్దులున్నాయి, ఒప్పుకోవాల్సిందే. షాఫ్టు ప్రొపెల్లర్ కోసమే పుట్టింది, దాని మీద పడబోయే భారం ఎంతో ముందే తెలుసు. మనిషి ఎవరి ప్రొపెల్లర్ కోసమూ పుట్టలేదు. కాబట్టి మనుషుల విషయంలో కొలతకి ముందే ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఈ బిగింపు నిజంగా రాబోయే భారం కోసమా, లేక బిగిస్తున్నవాళ్ల భయం కోసమా? చాలాసార్లు రెండోదే అయ్యుంటుందని నా అనుమానం.

రెండో తేడా ఇంకా ఇబ్బంది పెడుతుంది. షాఫ్టు మాట్లాడలేదు. అందుకే మెకానిక్ అంత శ్రద్ధగా, రెంచి పట్టుకుని, నెమ్మదిగా తిప్పి దాన్ని అడుగుతాడు. మనుషులకి నోరుంది. ఎంత బిగువుగా ఉందో అడిగితే చెప్పగలరు. అయినా మూగ ఉక్కుని అడిగినంత ఓపిగ్గా, మనం బిగిస్తున్న మనిషిని ఒక్కసారైనా అడుగుతున్నామా?