కనబడని కొలువు

మా ఇంట్లో తొమ్మిదేళ్ల నాటి లాప్‌టాప్ ఒకటి ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కాలం చెల్లింది. కొత్తది ఈ పాత యంత్రం మీద ఎక్కదన్నారు. పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామా, అటక ఎక్కిద్దామా అని మావారూ నేనూ తర్జనభర్జన పడుతూంటే, సెలవులకి వచ్చిన మా మనవరాలు అడ్డుపడింది.

"దీనికేమయింది అమ్మమ్మా, గుండ్రాయిలా ఉంటేను! లినక్స్ వేస్తాను, చూడు" అంటూ ఓ మధ్యాహ్నమంతా కూచుని లినక్స్ మింట్ అనేదాన్ని అందులో ఎక్కించింది. పైసా ఖర్చు లేదు. ముసలి ఎద్దు కోడెదూడ అయినట్టు యంత్రం లేచి పరిగెత్తింది.

అంతటితో ఊరుకుంటే నాకీ వ్యాసం రాసే పని ఉండేది కాదు. రైలెక్కే ముందు ఆ పిల్ల ఓ నల్లటి కిటికీ తెరిచి, ఏదో ఆదేశం కొట్టింది. తెర మీద బారెడు జాబితా పడింది.

"ఇవన్నీ నీకు కనబడకుండా లోపల పనిచేస్తున్న సర్వీసులు. కొన్ని నీకు అక్కర్లేకపోవచ్చు. ఏవి ఉంచాలో ఏవి ఆపాలో నువ్వే తేల్చుకో. యంత్రం నీది కదా!" అని, ఎలా ఆపాలో నా డైరీలో రాసిపెట్టి వెళ్లిపోయింది.

లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది. ఆ యంత్రంతో నేను చేసే పనులా, మూడంటే మూడు. రాసుకోవడం, పాటలు వినడం, అమెరికాలో ఉన్న మా అబ్బాయితో మాట్లాడడం. మూడు పనులకి ఇరవై ఎనిమిది మంది కొలువా! జమీందారుగారి దివాణంలో కూడా ఇంతమంది ఉండి ఉండరు.

తీరిగ్గా ఒక్కొక్కటే చదివితే తెలిసింది, ఎవరి పని వారికుంది. ఒకటి వైఫై సంగతి చూస్తుంది. ఒకటి ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరునడిగి మన గడియారం సరిచేస్తూ ఉంటుంది. ఒకటి కరణంగారిలా జరిగిందంతా చిట్టా రాస్తుంది. ఇంకొకటి చెప్పిన వేళకి చెప్పిన పని చేసి మళ్లీ మూల కూచుంటుంది. పొద్దున్నే లేచి చూస్తే వాకిట్లో ముగ్గు కనిపిస్తుంది గాని, ఎవరు ఎప్పుడు లేచి పెట్టారో ఇంట్లో వాళ్లు గమనించరు చూడండి, అలాంటివన్నమాట ఇవి.

ఇలాంటి వాటిని కంప్యూటరు వాళ్లు 'డీమన్' అంటారు. పేరు విని దెయ్యమనుకుని హడలిపోకండి. 1963లో అమెరికాలో ఎం.ఐ.టి.లో ప్రాజెక్ట్ మాక్ అనే దాంట్లో పనిచేసినవాళ్లు ఈ పేరు పెట్టారు. మాక్స్‌వెల్ అనే భౌతిక శాస్త్రవేత్త 1867లో ఓ చిట్టి భూతాన్ని ఊహించాడు. అది ఓ బుల్లి తలుపు దగ్గర కూచుని వేగంగా వచ్చే అణువుల్ని ఓ పక్కకీ, నెమ్మదిగా వచ్చేవాటిని రెండో పక్కకీ పంపుతూ అలుపన్నది లేకుండా పనిచేస్తుంది. దాన్ని తలుచుకుని పెట్టిన పేరిది. మూలం చూస్తే గ్రీకు మాట. దేవుళ్లకీ మనుషులకీ నడుమ ఉండే శక్తి అని దాని అర్థం. సోక్రటీసు తనలోనూ అలాంటి గొంతు ఒకటి ఉందనీ, అది ఫలానా పని చెయ్యమని ఎన్నడూ చెప్పదనీ, చేయబోయే పొరపాటును మాత్రం ఆపుతుందనీ చెప్పుకున్నట్టు ప్లేటో రాశాడు.

ఆ రోజు నాకు మాత్రం అలాంటి గొంతేదీ వినబడలేదు.

బ్లూటూత్ అని ఉంది. ఆ రకం వస్తువులేవీ మా ఇంట్లో లేవు. ఆపేశాను. మోడెం మేనేజరు అని ఉంది. సిమ్ము కార్డుతో ఇంటర్నెట్టు పెట్టుకునే వాళ్లకట. మాకు వైఫై ఉంది కనుక అదీ ఆపేశాను. ఇక్కడిదాకా బుద్ధిగానే ఉన్నాను. తరవాత 'అవాహి' అని ఓ పేరు తగిలింది. ఎవరీ అవాహి? ఎవరు ఆవాహన చేశారు? చూస్తే అది మడగాస్కర్ అడవుల్లో రాత్రిళ్లు మేలుకుని తిరిగే ఓ చిన్న జంతువు పేరు. నా కంప్యూటరులో దానికేం పని? తీసెయ్! 'కప్స్' అని ఒకటి, 'కప్స్ బ్రౌజ్‌డ్' అని ఇంకొకటి. ఒక పేరుతో ఇద్దరెందుకు? రెండోదాన్నీ తీసెయ్! చేతిలో చీపురుంటే ఎంత ఉత్సాహంగా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

నవంబరు వచ్చింది. మావారి పెన్షను తాలూకు లైఫ్ సర్టిఫికెట్టు కాగితం ఒకటి ప్రింటు తీయాలి. ప్రింటరు ఎదురుగా బల్ల మీద దీపం వెలిగించుకుని కూచునే ఉంది. కంప్యూటరు మాత్రం ఈ ఇంట్లో ప్రింటరనేదే లేదు పొమ్మంది.

"ఏం చేశావు?" అన్నారు మావారు.

"నేనేం చేశాను?" అన్నాను. ముప్పావు వంతు సంసారాలు ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తూంటాయి.

చివరికి మనవరాలికి ఫోను చేశాం. "అవాహిని ఆపావా అమ్మమ్మా! ఇంట్లో వైఫై మీద ఎవరెవరున్నారని కేకేసి కనుక్కునేది అదే. అది నోరు మూసుకుంటే ప్రింటరున్నట్టు కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది?" అంది. సిగ్గేసింది. మళ్లీ కొలువులో పెట్టాను. రెండు నిమిషాల్లో కాగితం బయటికొచ్చింది.

అప్పుడే రెండో దాని సంగతి కూడా చెప్పుకున్నాను. "కప్స్ బ్రౌజ్‌డ్ ఆపావా? శభాష్! ఎందుకాపావు?" అంది. "ఇద్దరెందుకని" అన్నాను. పకపకా నవ్వింది.

దాని కథ వేరు. వాడుకలో ఉన్న ప్రింటర్లని వెతికి పెట్టడమే దాని పని కూడా. అయితే అది పాతకాలపు అమాయకురాలు. వీధిలోంచి ఎవరైనా వచ్చి "నేను ప్రింటర్ని" అంటే, అవునా నాయనా అని లోపలికి రానిచ్చేది. 2024 సెప్టెంబరులో ఈ లోపం బయటపడింది. దొంగ ప్రింటరొకటి అలా లోపలికి వచ్చి కూచుంటే, మనం దానికి కాగితం పంపిన మరుక్షణం అది తనకి కావలసిన ఆదేశాన్ని మన యంత్రం చేత చేయించగలదు. అవసరం లేనివాళ్లు ఆ సర్వీసు ఆపేసుకోండని అప్పుడు హెచ్చరించారు. తరవాత సవరణలూ వచ్చాయి. కాని అన్నాళ్లూ అది ఎన్నో కంప్యూటర్లలో మౌనంగా తలుపు దగ్గరే కూచుని ఉంది. ఎప్పుడూ ఉన్నదే కదా అని ఎవరూ కదపలేదు.

చూశారా, నేను చేసిన రెండు పనుల్లో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. రెండింటికీ నా కారణం మాత్రం ఒకటే, అవేమిటో నాకు తెలియకపోవడం. తప్పు కారణంతో చేసిన మంచి పని మంచిపనేనా? ఫలితం మంచిదే, కాదనను. కాని అందులో నా గొప్పేమీ లేదు. కళ్లు మూసుకుని రోడ్డు దాటి బతికి బయటపడ్డవాణ్ణి జాగ్రత్తపరుడని అనం కదా. ఒకటి మనకి తెలియకపోవడం వేరు, అది పనికిరానిది కావడం వేరు. అలాగే ఎప్పట్నించో ఉండడం వేరు, ఉండవలసింది కావడం వేరు.

ఇంతకీ నా ప్రమేయం లేకుండా వీటిని కొలువులో పెట్టిందెవరు? ఈ ప్రశ్నకి లినక్సు లోకంలోనే రెండు రకాల జవాబులున్నాయి. డెబియన్ అనే వంశంలో (మా మింటు ఆ సంతతిదే) ఏదైనా సర్వీసు తెచ్చి పెట్టుకుంటే మామూలుగా అది ఆ క్షణం నించే పని మొదలుపెడుతుంది. తెచ్చుకున్నావంటే కావాలనే కదా అని వాళ్ల వాదన. ఫెడోరా అనే వంశంలో అలా కాదు. కొన్నిటిని ముందే అనుమతించి ఉంచుతారు గాని, తక్కినవి వచ్చి ఊరికే కూచుంటాయి. మనం నోరు తెరిచి మొదలుపెట్టమంటే తప్ప కదలవు.

ఇది చదివి నాకు నవ్వొచ్చింది. నేను 1979లో మా అత్తవారింటికి డెబియన్ పద్ధతిలోనే వచ్చాను. గృహప్రవేశమైన మర్నాడు పొద్దున్నే కాఫీ కలిపాను. ఎవరూ కలపమనలేదు, ఎవరూ వద్దనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం ఎవరిదో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

ఇక ఆపడంలోనూ మూడు రకాలున్నాయి. మొదటిది ఈ పూటకి ఆపడం. యంత్రం మళ్లీ తెరిస్తే అదీ మళ్లీ లేస్తుంది. రెండోది, రేపటినించి దానంతటది లేవకుండా చేయడం. మూడోది 'మాస్క్' చేయడం. అంటే ఎవరు పిలిచినా లేవకుండా కట్టడి. నెలకోసారి ప్రింటు తీసేదానికి రోజంతా ఎందుకని ఓ రోజు కప్స్‌ని ఈ పూటకి ఆపబోయాను. ఆపాను గాని, ఫలానా వాళ్లు తట్టిలేపితే మళ్లీ లేస్తుంది సుమా అని యంత్రం నన్ను హెచ్చరించింది!

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే అది నా కథే. జ్వరమొచ్చి పడుకున్నా, "ఏమోయ్, చెక్కుబుక్కెక్కడుంది?" అంటే లేవడం. కాలు బెణికినా, బయట గంట మోగితే లేవడం. మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఆగడమంటే ఎప్పుడూ ఇదే, ఎవరో తట్టిలేపేదాకా.

ఇలా రాసి ముగిస్తే మీరంతా చప్పట్లు కొడతారని నాకు తెలుసు. కాని మా అత్తగారి సంగతి చెప్పకపోతే అది సగం నిజమే అవుతుంది.

ఆవిడ రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, గేదెని ఇంటి ముందుకు తోలుకొచ్చిన పాలవాడు నీళ్లు కలపకుండా ఎదురుగా నిలబడి పాలు పితికించుకునేవారు. 1988లో మేం ఫ్రిజ్ కొన్నాం, ప్యాకెట్ పాలు వేయించుకున్నాం. "ఇంక నువ్వు చీకట్లో లేవక్కర్లేదమ్మా" అన్నారు మావారు. ఆవిడకి విశ్రాంతి ఇస్తున్నామనే మా ఇద్దరి ఉద్దేశం. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడూ నాలుగున్నరకే లేచి, గిన్నె లేకుండా అరుగు మీద కూచున్నారు. వారం తరవాత నన్నడిగారు, "పాలవాడి కూతురికి పురుడొచ్చిందో ఏమిటో, తెలిసిందా?" అని. వాడికో కూతురుందని మాకెవరికీ తెలియదు. ఆవిడ అక్కడ పాలు మాత్రమే పోయించుకుంటున్నారనుకున్నాం.

ఆ ఏడు తిరక్కుండానే ఆవిడ మంచం పట్టారు. దానివల్లేనని నేననను. డెబ్భై ఆరేళ్ల మనిషి. కాని మేం ఆవిణ్ణి అడగలేదు. ఇప్పటికీ నాలుగున్నరకి మెలకువొస్తే నాకు గుర్తొచ్చేది అదే.

కంప్యూటరుకీ మనిషికీ పోలిక ఇక్కడితో తెగిపోతుంది. సర్వీసుని ఆపేటప్పుడు దానిమీద ఎవరు ఆధారపడ్డారో చూసుకుంటే చాలు. అవాహికి కోపం రాదు, కప్స్‌కి దిగులు లేదు. మనిషి విషయంలో రెండోవైపూ చూడాలి. చేసే పని మీద ఆ చేసే మనిషి ఎంత ఆధారపడి ఉందో కూడా చూడాలి. అది ఏ జాబితాలోనూ ఉండదు. అడిగితేనే తెలుస్తుంది.

అందుకని ఈమధ్య డైరీలో రెండు పేజీలు గీశాను. ఒక పేజీ యంత్రానిది. పేరు, చేసే పని, ఎవరికి కావాలి, ఎందుకు ఉంచాను లేక ఎందుకు ఆపాను. రెండో పేజీ నాది. అందులో మొదటి పద్దు, మధ్యాహ్నం నాలుగింటికి కునుకులోంచి లేచి మావారికి కాఫీ పెట్టడం. ఈసారి బుద్ధి తెచ్చుకుని అడిగాను, "నాలుగింటి కాఫీ మీకు కావాలా?" అని.

ఆయన కాసేపు పేపరు వంకే చూసి, "పదేళ్లుగా నాకు ఆ వేళప్పుడు తాగాలని లేదు. లేచి పెడుతున్నావు కదా, వద్దంటే నొచ్చుకుంటావని తాగుతున్నాను" అన్నారు.

పదేళ్లు! ఆయన కోసం నేను నిద్ర మానుకున్నాను, నా కోసం ఆయన కాఫీ తాగారు.

ఆ పద్దు పూర్తిగా కొట్టెయ్యలేదు లెండి. అంతటితో మాస్కు చేయడానికి మనసొప్పలేదు. కప్స్ పద్ధతే బాగుందనిపించింది, దానంతటది లేచి కూచోనక్కర్లేదు, కావలసినవాళ్లు పిలిస్తే వస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో నాలుగింటికి, "పెట్టనా?" అని ఒకరు అడుగుతారు. కొన్నాళ్లు నేను, కొన్నాళ్లు ఆయన. ఒక్కోరోజు జవాబు రాదు. రెండోవాళ్లు నిద్రపోతున్నారన్నమాట.